క్రియేట్ రియాక్ట్ యాప్ నుంచి వీట్‌కి మారితే మా యాప్ వేగం పెరుగుతుందా?

ప్రశ్న: ఎరువులు, విత్తనాల దుకాణాల కోసం బిల్లింగ్, స్టాక్ యాప్ నడుపుతున్నాం. ఇద్దరమే డెవలపర్లం. పాత రిపోర్టు పేజీలు పీహెచ్‌పీ, జేక్వెరీలో ఉన్నాయి. ఒక్కో పేజీలో పాతిక దాకా స్క్రిప్ట్ ట్యాగులున్నాయి. కొత్త భాగం రియాక్ట్ ప్రాజెక్టులు మొదలుపెట్టే టూల్ క్రియేట్ రియాక్ట్ యాప్‌తో కట్టాం. బిల్డ్ చేస్తే మెయిన్ ఫైలు 2.4 ఎంబీ వస్తోంది. మండలాల్లో ఫోన్ మీద తెరిచేవాళ్లు తెల్ల స్క్రీన్ చాలాసేపు ఉంటోందని ఫోన్ చేస్తున్నారు. వీట్‌కి మారమని కొందరు, ఈఎస్‌బిల్డ్ వాడమని కొందరు, ఇప్పుడున్న వెబ్‌ప్యాక్‌లోనే ఇంకా గట్టిగా మినిఫై చేయమని కొందరు అంటున్నారు. ఏది చేయాలి?

జవాబు:

వీట్‌కి మారండి (వీట్, ఈఎస్‌బిల్డ్, వెబ్‌ప్యాక్ మూడూ మీ కోడ్ ఫైళ్లను బ్రౌజర్‌కి సిద్ధం చేసే బిల్డ్ టూల్సే). కాకపోతే మారినంత మాత్రాన మీ కస్టమర్ ఫోన్‌లో తెల్ల స్క్రీన్ తగ్గదు. ఆ మార్పు మీ ఇద్దరి సౌకర్యం కోసం. కస్టమర్ వేగానికి చేయాల్సిన పని వేరే ఉంది, ముందు చేయాల్సింది కూడా అదే.

మారమని ఎందుకంటున్నానంటే, క్రియేట్ రియాక్ట్ యాప్‌ని కొత్త యాప్‌లకు ఇక వాడొద్దని రియాక్ట్ బృందమే 2025 ఫిబ్రవరి 14న ప్రకటించింది. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అక్కడి నుంచి బయటికి రావాల్సిందే. అయితే అందులోని ఐదో వెర్షన్ లోపల ఉన్నది వెబ్‌ప్యాక్ 5, దానికి తోడు టర్సర్ అనే మినిఫయర్ (కోడ్‌ని కుదించే టూల్). అంటే మీరు చూస్తున్న 2.4 ఎంబీ అప్పటికే మినిఫై అయిన ఫైలు. "ఇంకా గట్టిగా మినిఫై చేయమని" చెప్పినవాళ్లు ఈ సంగతి చూసి ఉండరు. టర్సర్ తీసి ఈఎస్‌బిల్డ్ పెట్టినా, ఈఎస్‌బిల్డ్ తీసి ఇంకోటి పెట్టినా తేడా కొద్ది శాతమే ఉంటుంది. లోపలి లైబ్రరీలు అవే ఉన్నంతకాలం ఏ బండ్లర్ (ఫైళ్లను కూర్చే టూల్) అయినా వాటినే మోస్తుంది. సామాను అదే అయితే పెట్టె మార్చినా బరువు తగ్గదు.

ఇక్కడ మూడు వేర్వేరు పనులు ఒకే మాటలో కలిసిపోతున్నాయి, వాటిని విడదీసి చూద్దాం. బండ్లింగ్ అంటే ఏ ఫైలు దేన్ని ఇంపోర్ట్ చేస్తోందో వెతుక్కుంటూ వెళ్లి, అన్నిటినీ ఒకటి లేదా కొన్ని ఫైళ్లుగా కూర్చడం. మినిఫై అంటే కోడ్ అర్థం మారకుండా అక్షరాలు తగ్గించడం. మూడోది కంప్రెషన్: సర్వర్ ఆ ఫైలుని జీజిప్‌తోనో బ్రోట్లీతోనో కుదించి పంపితే బ్రౌజర్ విప్పుకుంటుంది. జేక్వెరీ 3.7.1 తీసుకోండి. మామూలు ఫైలు దాదాపు 285 కేబీ, మినిఫై చేసింది దాదాపు 87 కేబీ, దాన్ని జీజిప్ చేస్తే సుమారు 30 కేబీ. మీరు చెప్పిన 2.4 ఎంబీ ఇందులో నడిమి లెక్క. ఫోన్‌కి నిజంగా ఎంత చేరుతోందో బిల్డ్ ఫోల్డర్‌లో కనబడదు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆ ఫైలు వరసలో ట్రాన్స్‌ఫర్ అయిన సైజు, అసలు సైజు రెండూ చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉంటే మీ సర్వర్ కంప్రెస్ చేయడం లేదన్నమాట.

ఇది చాలా చోట్ల కనబడే సమస్య. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో జీజిప్ ఆన్ చేస్తే సరిపోతుందనుకుంటారు. కానీ ఏయే రకాల ఫైళ్లను కుదించాలో చెప్పే జీజిప్ టైప్స్ సెట్టింగ్‌కి డిఫాల్ట్‌గా ఉండేది హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. ఉబుంటుతో వచ్చే కాన్ఫిగ్ ఫైల్లో జీజిప్ ఆన్ అనే ఉంటుంది, టైప్స్ లైను మాత్రం కామెంట్‌లో ఉంటుంది. ఫలితంగా చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీ ఇంకా చిన్నదై వెళ్తుంది, ఎంబీల జావాస్క్రిప్ట్ అలాగే వెళ్తుంది. ఆ ఒక్క లైను తెరిచి జావాస్క్రిప్ట్, సీఎస్‌ఎస్, జేసన్, ఎస్‌వీజీ చేర్చి సర్వర్‌ని రీలోడ్ చేయండి. ఏ బండ్లర్ మార్చినా రానంత లాభం రావచ్చు. దీనికి కోడ్ ముట్టుకోవాల్సిన పని కూడా లేదు కాబట్టి ఈరోజే చేయండి.

అయితే కంప్రెషన్ తగ్గించేది డౌన్‌లోడ్‌ని మాత్రమే. విప్పిన తర్వాత ఫోన్ ఆ 2.4 ఎంబీ మొత్తం చదివి, కంపైల్ చేసి, నడపాలి. అదే సైజున్న ఫొటో కంటే జావాస్క్రిప్ట్ ఫోన్‌కి ఎక్కువ బరువు. ఖరీదైన ఫోన్‌లో ఇది తెలియదు, తక్కువ ధర ఫోన్‌లో తెల్ల స్క్రీన్ రూపంలో తెలుస్తుంది. డెవ్‌టూల్స్ పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూని నాలుగు రెట్లు నెమ్మది చేసి చూడండి, కస్టమర్లు పడుతున్న ఇబ్బంది కొంత అర్థమవుతుంది. దీనికి మందు ఒక్కటే, పంపే కోడ్ తగ్గించడం.

తగ్గించాలంటే లోపల ఏముందో కనబడాలి. మీ బిల్డ్ డిఫాల్ట్‌గా సోర్స్ మ్యాప్‌లు (కుదించిన కోడ్‌ని అసలు కోడ్‌తో ముడిపెట్టే ఫైళ్లు) తయారు చేస్తుంది కాబట్టి, కాన్ఫిగ్ ఏమీ మార్చకుండా సోర్స్ మ్యాప్ ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న టూల్ నడపొచ్చు. ఒక్కో లైబ్రరీ ఎంత చోటు ఆక్రమించిందో పెద్దా చిన్నా పెట్టెలుగా చూపిస్తుంది. వీట్‌కి మారాక రోలప్ ప్లగిన్ విజువలైజర్ ఇదే పని చేస్తుంది, వెబ్‌ప్యాక్ ఒక్కటే వాడేవాళ్లకు వెబ్‌ప్యాక్ బండిల్ ఎనలైజర్ ఉంది. మీది బిల్లింగ్ యాప్ కాబట్టి నా ఊహ ప్రకారం అక్కడ కనబడేవి ఇవి: ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ లైబ్రరీ, పీడీఎఫ్ తయారు చేసే లైబ్రరీ, గ్రాఫ్‌ల లైబ్రరీ, తేదీల కోసం మొమెంట్, ఎక్కడో రెండు ఫంక్షన్ల కోసం తెచ్చిన లోడాష్. పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాల కోసం ఫాంట్‌ని బేస్64 చేసి (అంటే మామూలు అక్షరాలుగా మార్చి) జావాస్క్రిప్ట్ ఫైల్లో పెట్టి ఉంటే అది ఒక పెద్ద పెట్టెగా కనబడుతుంది. బేస్64లో ప్రతి మూడు బైట్లకూ నాలుగు అక్షరాలు పడతాయి, అంటే అప్పటికే మూడో వంతు పెరుగుదల.

వీటిలో కొన్నిటిని తీసేయొచ్చు. మొమెంట్‌ని కొత్త ప్రాజెక్టులకు ఎంచుకోవద్దని దాన్ని తయారు చేసినవాళ్లే 2020లో చెప్పారు. ఒక్క తేదీని ఫార్మాట్ చేసినా ఆ లైబ్రరీ మొత్తం వస్తుంది, ముక్కలుగా తెచ్చుకునే వీల్లేదు. బిల్లు మీద తేదీ, మొత్తం చూపించడానికి బ్రౌజర్‌లోనే ఉన్న ఇంటిల్ (Intl) అనే సదుపాయం సరిపోతుంది. దానికి తెలుగు, ఇండియా లొకేల్ ఇస్తే లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెడుతుంది, నెలల పేర్లు తెలుగులో ఇస్తుంది, బండిల్‌కి ఒక్క బైటు కూడా కలపదు.

తీసేయలేనివాటిని వాయిదా వేయండి. ఎక్సెల్ బటన్ నొక్కేవాడికే ఎక్సెల్ లైబ్రరీ కావాలి. లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొడుతున్నవాడికి దాన్ని పంపడం అన్యాయం. ఫైలు పైన రాసిన మామూలు ఇంపోర్ట్ తీసేసి, బటన్ నొక్కిన ఫంక్షన్ లోపల డైనమిక్ ఇంపోర్ట్ రాస్తే చాలు. బండ్లర్ దాన్ని చూసి ఆ లైబ్రరీని వేరే చంక్‌గా, అంటే విడి ఫైలుగా కోసేస్తుంది, బటన్ నొక్కినప్పుడే బ్రౌజర్ తెచ్చుకుంటుంది. పేజీలకు రియాక్ట్ లేజీ, సస్పెన్స్ ఇదే పని చేస్తాయి. స్టాక్ పేజీ, రిపోర్టుల పేజీ, సెట్టింగ్స్ పేజీ మూడూ లేజీ చేయండి. ముందు పేజీలు, తర్వాత పెద్ద లైబ్రరీలు, అక్కడితో ఆగండి. ప్రతి చిన్న కాంపొనెంట్‌నీ లేజీ చేస్తే వందలాది చిన్న ముక్కలై, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ మళ్లీ నెమ్మదిస్తుంది. చిన్న ముక్కల సైజు జీజిప్‌లో కూడా అంత బాగా తగ్గదు.

ట్రీ షేకింగ్ గురించి ఎక్కువమంది అనుకునేది వేరు, జరిగేది వేరు. రోలప్ అనే బండ్లర్‌ని రిచ్ హారిస్ 2015లో తెచ్చినప్పుడు ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. వాడని ఎక్స్‌పోర్ట్‌లను బండిల్‌లోకి రానివ్వకపోవడం దాని పని. ఇది సాధ్యమయ్యేది ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ పద్ధతిలో రాసిన మాడ్యూళ్లలో, ఎందుకంటే అక్కడ ఎవరు ఏం తీసుకుంటున్నారో కోడ్ నడపకుండానే చదివి తెలుసుకోవచ్చు. నోడ్ పాత పద్ధతి కామన్‌జేఎస్‌లో రిక్వైర్ అనేది మామూలు ఫంక్షన్ పిలుపు. దాన్ని ఇఫ్ లోపల పిలవొచ్చు, పేరుని అప్పటికప్పుడు కూర్చి పిలవొచ్చు. అందుకని బండ్లర్ రిస్కు తీసుకోకుండా చాలావరకు మొత్తం లైబ్రరీని ఉంచేస్తుంది. లోడాష్ అలాంటిదే. మీరు కర్లీ బ్రాకెట్లలో ఒక్క ఫంక్షన్ పేరే రాసి తెచ్చుకున్నా మొత్తం వస్తుంది. లోడాష్ ఈఎస్ అనే ప్యాకేజీకి మారితే, లేదా ఆ ఒక్క ఫంక్షన్ ఉన్న ఫైలునే నేరుగా ఇంపోర్ట్ చేస్తే సమస్య తీరుతుంది.

రెండో అడ్డంకి సైడ్ ఎఫెక్ట్స్. ఒక ఫైలుని ఇంపోర్ట్ చేయగానే అది గ్లోబల్ వేరియబుల్ పెడుతుందేమో, సీఎస్‌ఎస్ జోడిస్తుందేమో బండ్లర్‌కి ఖాయంగా తెలియదు. తెలియనప్పుడు ఉంచేస్తుంది. ప్యాకేజ్ జేసన్‌లో సైడ్ ఎఫెక్ట్స్ ఫాల్స్ అని రాస్తే "వాడకపోతే నిర్భయంగా పారేయొచ్చు" అని లైబ్రరీ రాసినవాళ్లు మాట ఇచ్చినట్టు. మీ సొంత కోడ్‌కి కూడా ఇది రాసుకోవచ్చు, కానీ సీఎస్‌ఎస్ ఫైళ్లను మినహాయింపుగా రాయడం తప్పనిసరి. లేకపోతే వెబ్‌ప్యాక్ ప్రొడక్షన్ బిల్డ్‌లో కొన్ని పేజీల స్టైల్ మాయమవుతుంది. డెవ్ సర్వర్‌లో బాగానే కనబడుతుంది కాబట్టి కారణం పట్టుకోవడం కష్టం.

మీ తెలుగు లేబుల్స్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, దీని మీద ఎవరూ పెద్దగా రాయరు. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ప్రతిదీ యూటీఎఫ్8లో మూడు బైట్లు. 'ఎరువు' అనే మాటలో ఐదు యూనికోడ్ గుర్తులున్నాయి కాబట్టి 15 బైట్లు. ఈఎస్‌బిల్డ్‌ని నేరుగా వాడితే డిఫాల్ట్‌గా అది ఆస్కీ అక్షరాలే (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులు) బయటికి రాస్తుంది. ప్రతి తెలుగు గుర్తూ బ్యాక్‌స్లాష్, యూ, నాలుగు అంకెల కోడ్‌గా మారి ఆరు బైట్లవుతుంది. ఆ 15 బైట్ల మాట 30 బైట్లయింది, అదీ మినిఫై చేశాక! చార్‌సెట్ యూటీఎఫ్8 అనే ఆప్షన్ ఇస్తే మామూలు తెలుగుగానే ఉంటుంది. వాళ్లు అలా పెట్టడానికి కారణం ఉంది. పేజీలో చార్‌సెట్ ప్రకటించని సైట్లలో ఆస్కీ కాని అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనబడతాయి. కాబట్టి మీ హెచ్‌టీఎంఎల్‌లో మెటా చార్‌సెట్ యూటీఎఫ్8 ఉందో లేదో చూసుకున్నాకే ఆ ఆప్షన్ పెట్టండి. జీజిప్ తర్వాత ఈ తేడా చాలావరకు తగ్గుతుంది, కానీ వందల లేబుళ్లు, ఎరువుల పేర్లు, పురుగుమందుల సూచనలు ఉన్న యాప్‌లో విప్పిన సైజు కూడా లెక్కే. టర్సర్‌లో ఈ ఆస్కీ ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉన్నా, క్రియేట్ రియాక్ట్ యాప్ దాన్ని ఆన్ చేసి పెడుతుంది.

తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల లేబుళ్లు ఒకే ఫైల్లో ఉంటే విడదీయండి. ఎంచుకున్న భాష ఫైలుని డైనమిక్ ఇంపోర్ట్‌తో తెచ్చుకుంటే రెండోది రానే రాదు. వెబ్ ఫాంట్ వాడుతుంటే దాన్ని బండిల్‌లో కలపకుండా వేరే వోఫ్2 ఫైలుగా ఉంచి, సీఎస్‌ఎస్‌లో యూనికోడ్ రేంజ్‌ని తెలుగు బ్లాకుకి, అంటే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా పరిమితం చేయండి. తెలుగు అక్షరం లేని పేజీలో బ్రౌజర్ ఆ ఫాంట్‌ని దించుకోదు. వీట్ డిఫాల్ట్‌గా 4 కేబీ కంటే చిన్న ఫైళ్లనే బేస్64 చేసి లోపల కలుపుతుంది, ఆ హద్దుని పెంచకండి.

ఇక మినిఫయర్ లోపల ఏం చేస్తుందో తెలిస్తే ప్రొడక్షన్‌లో మాత్రమే వచ్చే బగ్‌లు భయపెట్టవు. 2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రాసిన జేఎస్‌మిన్ కామెంట్లు, ఖాళీలు తీసేయడంతో ఆగేది. 2007లో యాహూ నుంచి వచ్చిన వైయూఐ కంప్రెసర్ కోడ్‌ని నిజంగా పార్స్ చేసి లోకల్ వేరియబుల్స్ పేర్లు కుదించింది. 2009లో గూగుల్ క్లోజర్ కంపైలర్ ఓపెన్ సోర్స్ అయింది, 2010లో అగ్లిఫై వచ్చింది. అగ్లిఫై కొత్త జావాస్క్రిప్ట్ సింటాక్స్‌తో నడవలేకపోవడంతో పుట్టిన శాఖ నుంచి 2018లో విడివడిందే మీ బిల్డ్‌లోని టర్సర్. ఇవాళ్టి మినిఫయర్ పేర్లు కుదిస్తుంది, 60 ఇంటూ 60 అని రాస్తే 3600 అని పెట్టేస్తుంది, ఎప్పటికీ నడవని ఇఫ్ బ్లాకుని తీసేస్తుంది. రియాక్ట్‌లోని డెవలప్‌మెంట్ హెచ్చరికలు ప్రొడక్షన్‌లో మాయమయ్యేది ఈ చివరి పని వల్లే. నోడ్ ఎన్వ్ అనే విలువ చోట ప్రొడక్షన్ అనే మాట పెట్టగానే ఆ షరతు ఎప్పుడూ తప్పే అని తేలిపోతుంది, మినిఫయర్ ఆ భాగాన్ని కోసేస్తుంది.

పేర్లు కుదించడం వల్ల తెగేది పేర్ల మీద ఆధారపడ్డ కోడ్. పాత యాంగ్యులర్‌జేఎస్‌లో ఫంక్షన్ పారామీటర్ పేరు చదివి దానికి ఏం కావాలో కనిపెట్టేవారు, మినిఫై చేయగానే ఆ పేరు ఒక్క అక్షరమై యాప్ పడిపోయేది. అందుకే పేర్లను మళ్లీ స్ట్రింగులుగా రాసే పద్ధతి వచ్చింది. రియాక్ట్ యాప్‌లలో ఇదే సమస్య వేరే రూపంలో వస్తుంది: కన్‌స్ట్రక్టర్ పేరు చూసి "ఇది ఇన్‌వాయిస్ అయితే ఇలా చేయి" అని రాసిన కోడ్. డెవ్‌లో నడుస్తుంది, ప్రొడక్షన్‌లో ఆ క్లాస్ పేరు టీ అనో ఈ అనో ఉంటుంది. పేర్లు నిలిపే ఆప్షన్లు టర్సర్‌లో, ఈఎస్‌బిల్డ్‌లో ఉన్నాయి. కానీ ఆ కోడ్‌నే మార్చి, క్లాస్‌లో టైప్ అనే సొంత ఫీల్డ్ పెట్టుకోవడం మంచిది. ఆబ్జెక్ట్ ప్రాపర్టీల పేర్లను మాత్రం ఈ రెండూ డిఫాల్ట్‌గా ముట్టుకోవు, సర్వర్ నుంచి వచ్చే జేసన్‌తో అవి కలవాలి కాబట్టి. ప్రాపర్టీ మ్యాంగ్లింగ్ ఆప్షన్ జోలికి వెళ్లొద్దు.

వీట్ విషయానికొస్తే, ఈవన్ యూ 2020లో తెచ్చిన ఈ టూల్ డెవ్ సర్వర్‌లో మీ కోడ్‌ని బండిల్ చేయదు. ఇవాళ్టి బ్రౌజర్లకు ఇంపోర్ట్ అర్థమవుతుంది కాబట్టి అడిగిన ఫైలుని అడిగినప్పుడే మార్చి ఇస్తుంది. బయటి లైబ్రరీలను మాత్రం ముందే ఒకసారి కూర్చి పెట్టుకుంటుంది, ఏడో వెర్షన్ దాకా ఈ పనికి ఈఎస్‌బిల్డ్‌ని వాడేది. ఈవన్ వాలెస్ 2020లో విడుదల చేసిన ఈఎస్‌బిల్డ్ గో భాషలో రాసింది. అన్ని కోర్లనూ వాడుకుంటూ, కోడ్ చెట్టు మీదుగా వీలైనన్ని తక్కువ సార్లు నడుస్తూ పని ముగిస్తుంది కాబట్టి అంత వేగం. వీట్ ఏడో వెర్షన్ దాకా ప్రొడక్షన్ బిల్డ్ మాత్రం రోలప్ చేసేది. డెవ్‌కి ఒకటి, బిల్డ్‌కి ఒకటి అనే ఈ తేడా తీసేయడానికి వీట్ వాళ్లే రస్ట్ భాషలో రోల్‌డౌన్ తయారు చేశారు. మీరు ఏ వెర్షన్‌తో మొదలుపెట్టినా సరే, సర్వర్‌కి పంపే ముందు వీట్ ప్రివ్యూతో బిల్డ్ అయిన యాప్‌ని తెరిచి ఒక బిల్లు కొట్టి చూడండి. డెవ్‌లో నడిచిందని నమ్మి పంపకండి.

మారేటప్పుడు తగిలే రాళ్లు ఇవి. ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ పబ్లిక్ ఫోల్డర్ నుంచి ప్రాజెక్టు రూట్‌కి రావాలి, అందులో పబ్లిక్ యూఆర్ఎల్ గుర్తులు తీసేసి మెయిన్ ఫైలుకి మాడ్యూల్ రకం స్క్రిప్ట్ ట్యాగు రాయాలి. జేఎస్ఎక్స్ (జావాస్క్రిప్ట్ మధ్యలో రాసే ట్యాగులు) ఉన్న ఫైళ్లకు జేఎస్ఎక్స్ అనే పొడిగింపే ఉండాలి, టైప్‌స్క్రిప్ట్ అయితే టీఎస్ఎక్స్. రియాక్ట్ యాప్ అని మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వీట్ అని మొదలవ్వాలి, చదివే చోట ప్రాసెస్ ఎన్వ్ బదులు ఇంపోర్ట్ మెటా ఎన్వ్ రావాలి. ఔట్‌పుట్ బిల్డ్ ఫోల్డర్ బదులు డిస్ట్‌లో పడుతుంది, మీ డిప్లాయ్ స్క్రిప్ట్ మార్చండి. డెవ్ పోర్టు 3000 నుంచి 5173 అవుతుంది, పీహెచ్‌పీ వైపు కోర్స్ (CORS) అనుమతుల జాబితాలో పాత పోర్టే ఉంటే లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. ఎస్‌వీజీని కాంపొనెంట్‌గా ఇంపోర్ట్ చేసి ఉంటే ఎస్‌వీజీఆర్ ప్లగిన్ కావాలి. టెస్టులుంటే జెస్ట్ నుంచి వీటెస్ట్‌కి మారండి.

టైప్‌స్క్రిప్ట్ వాడుతుంటే ఒక జాగ్రత్త. వీట్ టైపులను చెక్ చేయదు, తీసేస్తుంది అంతే. టైపు తప్పులున్నా బిల్డ్ పచ్చగా పూర్తవుతుంది. బిల్డ్ కమాండ్ ముందు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ని నో ఎమిట్‌తో నడిపేలా రాసుకోండి. అలాగే వీట్ డిఫాల్ట్ టార్గెట్ కొంచెం కొత్త బ్రౌజర్లే. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు వాడే డీలర్లుంటే సర్వర్ లాగ్‌లో బ్రౌజర్ వెర్షన్లు చూసి, అవసరమైతేనే లెగసీ ప్లగిన్ పెట్టండి. అది రెండు రకాల బండిల్స్ తయారు చేసి, పాత బ్రౌజర్‌కి పాతది, కొత్తదానికి కొత్తది చేరేలా చేస్తుంది.

క్యాష్ సరిగా పెడితే రెండోసారి తెరిచేవాళ్లకు డౌన్‌లోడే ఉండదు. బిల్డ్‌లో ఫైలు పేర్ల చివర వచ్చే అక్షరాల గుంపు ఆ ఫైలు లోపలి విషయాన్ని బట్టి తయారయ్యే హ్యాష్. కంటెంట్ మారితేనే పేరు మారుతుంది. కాబట్టి ఆ ఫైళ్లకు మాక్స్ ఏజ్ 31536000, అంటే ఏడాది, ఇమ్మ్యూటబుల్ అని హెడర్ ఇవ్వండి. ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్‌కి మాత్రం నో క్యాష్. ఈ రెండూ తారుమారైతే "మా దగ్గర ఇంకా పాతదే వస్తోంది" అని ఫోన్లు వస్తాయి. రియాక్ట్ లాంటి అరుదుగా మారే లైబ్రరీలను బిల్డ్ సెట్టింగ్స్‌లో వేరే ఫైలుగా ఉంచితే, మీరు వారానికోసారి అప్‌డేట్ ఇచ్చినా ఆ ఫైలు ఫోన్‌లోనే ఉండిపోతుంది.

లేజీ చేయడం మొదలుపెట్టాక ఒక కొత్త సమస్య తప్పకుండా వస్తుంది. డీలరు ఉదయం యాప్ తెరిచి అలాగే వదిలేస్తాడు. మధ్యాహ్నం మీరు కొత్త వెర్షన్ ఎక్కించి పాత ఫోల్డర్ చెరిపేస్తారు. సాయంత్రం అతను రిపోర్టులు నొక్కితే పాత హ్యాష్ పేరున్న చంక్ సర్వర్‌లో లేదు. పైగా లేని ఫైలు అడిగినా ఇండెక్స్ పేజీనే ఇచ్చేలా సర్వర్ పెట్టి ఉంటే, జావాస్క్రిప్ట్ రావాల్సిన చోట హెచ్‌టీఎంఎల్ వచ్చి అర్థం కాని ఎర్రర్ పడుతుంది. పాత చంక్‌లను కొన్నాళ్లు సర్వర్‌లో ఉంచండి, అసెట్స్ ఫోల్డర్‌కి మాత్రం లేని ఫైలుకి 404 ఇవ్వమనండి. వీట్‌లో ప్రీలోడ్ ఎర్రర్ అనే ఈవెంట్ ఉంది, అది వచ్చినప్పుడు పేజీని ఒకసారి రీలోడ్ చేసేలా రాయండి. బిల్లు సగం నింపి ఉంటే రీలోడ్‌కి ముందు దాన్ని లోకల్ స్టోరేజ్‌లో దాచడం మరవకండి. అతని పని పోకూడదు.

పాత జేక్వెరీ పేజీలను వీట్‌లోకి లాగొద్దు. అన్ని ఫైళ్లనూ ఒక్కటిగా అతికించాలనే సలహా హెచ్‌టీటీపీ 1.1 కాలం నాటిది. అప్పుడు బ్రౌజర్ ఒక హోస్ట్‌కి ఒకేసారి ఆరు కనెక్షన్లే తెరిచేది, పాతిక స్క్రిప్టులు క్యూ కట్టేవి. 2015లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ 2లో ఒకే కనెక్షన్ మీద అన్నీ కలిసి వస్తాయి. దాన్ని సర్వర్‌లో ఆన్ చేసి, స్క్రిప్ట్ ట్యాగులకు డిఫర్ పెట్టండి. డిఫర్ వరస క్రమాన్ని కాపాడుతుంది, కానీ పేజీ మధ్యలో నేరుగా రాసిన స్క్రిప్ట్ జేక్వెరీని పిలుస్తుంటే అది ముందే నడిచి తప్పు చూపిస్తుంది, అవి ఉన్న పేజీలను విడిగా చూసుకోండి. తర్వాత ఈఎస్‌బిల్డ్‌తో ఒక్కో ఫైలునీ బండిల్ చేయకుండా మినిఫై మాత్రమే చేయండి. అలా చేసినప్పుడు అది పై స్థాయి ఫంక్షన్ల పేర్లు మార్చదు, వేరే ఫైలు వాటిని పిలుస్తుందేమో అని. బండిల్ చేస్తే మాత్రం ప్రతి ఫైలూ సొంత పరిధిలోకి వెళ్లిపోయి, ఆన్‌క్లిక్‌లో నేరుగా రాసిన ఫంక్షన్ పేర్లన్నీ దొరకకుండా పోతాయి. ఒక్కోదాన్నీ విండోకి తగిలించుకుంటూ కూర్చోవాలి, జేక్వెరీ ప్లగిన్లకు గ్లోబల్ డాలర్ గుర్తు అందించాలి. రిపోర్టు పేజీల కోసం అంత శ్రమ అక్కర్లేదు.

మిగతా టూల్స్ గురించి రెండు మాటలు. సొంతంగా రాసుకున్న పెద్ద వెబ్‌ప్యాక్ కాన్ఫిగ్ ఉన్నవాళ్లకు, దాదాపు అదే కాన్ఫిగ్‌తో నడిచే ఆర్ఎస్‌ప్యాక్ సరైన దారి. అది బైట్‌డ్యాన్స్ 2023లో విడుదల చేసిన రస్ట్ టూల్. టర్బోప్యాక్ నెక్స్ట్ జేఎస్ వాడేవాళ్ల కోసం. పార్సెల్ కాన్ఫిగ్ లేకుండా మొదలుపెట్టడానికి బాగుంటుంది. మీ ఇద్దరికీ వీట్ చాలు.

ఒక్క భద్రత విషయం. మినిఫై చేస్తే కోడ్ దాగదు. వీట్ అని మొదలయ్యేవాటిలో మీ కోడ్ వాడే ప్రతి వేరియబుల్ విలువా అక్షరం పొల్లు పోకుండా బండిల్‌లో ఉంటుంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. పేమెంట్ గేట్‌వే సీక్రెట్ కీ, ఎస్ఎంఎస్ పంపే కీ అక్కడుంటే ఈ పూటే సర్వర్‌కి మార్చి, పాత కీలు రద్దు చేయండి. సోర్స్ మ్యాప్‌లు మీ అసలు కోడ్‌ని కామెంట్లతో సహా చూపిస్తాయి. ఇప్పుడు మీ సర్వర్‌లో అవి అందరికీ తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. వీట్‌లో హిడెన్ అని పెట్టి, ఎర్రర్లు వెతకడానికి మీ దగ్గరే దాచుకోండి, సర్వర్‌కి ఎక్కించకండి.

ముందు జీజిప్ లైను తెరిచి, ఆ తర్వాత సోర్స్ మ్యాప్ ఎక్స్‌ప్లోరర్ నడిపి, అందులో అన్నిటికంటే పెద్దగా కనబడ్డ మూడు నాలుగు పెట్టెల పేర్లు, సైజులు ఇక్కడే రాయండి. ఏది తీసేయాలో, ఏది లేజీ చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.